కృత్రిమోన్మాదము: గంజాయిసత్త్వముతో స్వస్థులయందు జరిగిన పరీక్షల చరిత్రము

సుశ్రుతసంహిత యుత్తరతంత్రమున 62వ యధ్యాయము ఉన్మాదప్రతిషేధము. అందు ఉన్మాదము లాఱు విధములుగఁ జెప్పఁబడినవి. వాతము, పిత్తము, కఫము, ఈ మూఁటి సన్నిపాతము, మనోదుఃఖము, విషము అను నాఱింటివలన నవి పుట్టును. చరకుఁ డున్మాదములను ఐదింటినిగానే లెక్కించి, కడపటిదానిని ఆగంతువనెను. విషమునకు వేఱుగ స్థానమీయలేదు. ఈ భేదము చూపునకుఁ జిన్నది. కాని యందొక పెద్దప్రశ్న యిమిడియున్నది. విషముచే మతి చెడినవానికిని, ఏ విషమును సోఁకకయే మతి చెడినవానికిని వ్యాధి యొక్కటియేనా? రెండును ఉన్మాదమను నొక్క పేరునకుఁ దగినవైనచో, మొదటిదానిని శోధించి రెండవదాని మర్మమును దెలిసికొనవచ్చునా?

పందొమ్మిదవ శతాబ్దినుండి వైద్యు లీ ప్రశ్నను గ్రంథచర్చతో విడువక మనుష్యులయందే పరీక్షించుచు వచ్చిరి. పరీక్షావిధానము సులభముగఁ దెలియునదియే. ఆరోగ్యవంతుఁడగు నొకనికి, అతని సమ్మతితో, మితమైన మందు నిత్తురు. కొన్నిగంటలపాటు అతని బుద్ధియందుఁ గలుగు వికారములను గుర్తింతురు. వానిని నిజమైన రోగి లక్షణములతోఁ బోల్చిచూతురు. ఇందులకు వాడఁబడిన ద్రవ్యములలో మొదట నెన్నఁదగినది గంజాయి. సంస్కృతవైద్యగ్రంథములు దీనిని విజయ యనియు, భంగ యనియు వ్యవహరించును. లోకమున ఆకునకు భంగనియు, పూఁతకు గంజాయి యనియు, బంకకు చరసనియుఁ బేళ్లు గలవు. ఈ పరీక్షల చరిత్రము హిందూదేశముననే యారంభమగుచున్నది. దీనిని మొదలునుండి తుదవఱకుఁ బరిశీలించినవారికి ఒక విషయము స్పష్టపడును: పరీక్షకులు గాంచిన సాదృశ్యము పలుమాఱు సత్యమే, ఆ సాదృశ్యమునే తాదాత్మ్యమనియో, కారణమనియో భ్రమించినప్పుడే ప్రమాదము గలిగినది.

1835లోఁ గలకత్తాయందు వైద్యకళాశాల స్థాపింపఁబడెను. అందు రసాయనశాస్త్రాధ్యాపకుఁడుగ నుండిన విలియం బ్రూక్ ఓషాఘ్నెస్సీ అను ఐర్లండు దేశీయుఁడు గంజాయినిగూర్చి 1839లో నొక వ్యాసము ప్రకటించెను. అతఁడు మొదట జంతువులయందును, పిమ్మట ధనుర్వాతము, కీళ్లవాతము, జలభీతి మొదలగు వ్యాధులచేఁ బీడింపఁబడువారియందును ఈ మందును బరీక్షించెను. ఇంతలోఁ గళాశాల విద్యార్థులు కొందఱు తమయందే దానిని బరీక్షించుకొనఁ బూనుకొనిరి. మందునకు ముందును వెనుకను నాడి చూచి వ్రాసికొనుటయు, బుద్ధిమంతులగు తోడివిద్యార్థు లిరువురు దగ్గఱనుండి చూచుటయు వారు పెట్టుకొనిన నియమములు.

వారిలో నొకఁడు మితభాషి, సత్ప్రవర్తనుఁడు. అతఁడు గంజాయిబంక కరఁగించిన మద్యద్రావకమును పదిచుక్కలు పుచ్చుకొనెను. అందలి బంక పావుగ్రెయిను, అనఁగా సుమారు 16 మిల్లీగ్రాములు. ఇరువది నిమిషములకు అతఁడు పెద్దనవ్వు నవ్వెను; రెండుమూఁడు నిమిషములు కొయ్యవలె బిగిసిపోయెను. అధ్యాపకుఁడు వచ్చి చూచునప్పటికి ఆ విద్యార్థి రాజై కొలువుతీర్చి పరిజనుల కాజ్ఞలిచ్చుచుండెను. సహాధ్యాయులలో నొక్కనినైన గుర్తింపలేదు. తాను చదువుకొనిన దినములు గడచి యెన్నియో యేండ్లయినట్లును, ఆ నడుమఁ దాను దేశములు తిరిగి ధనమును అధికారమును సంపాదించినట్లును వర్ణించెను. మతమునుగూర్చియు, శాస్త్రమునుగూర్చియు, రాజకీయములనుగూర్చియు అంతకుముం దెన్నఁడును లేని వాగ్ధాటితోఁ బ్రసంగించెను. మూఁడుగంటలకు ఆ రాజ్యము వచ్చినంత యాకస్మికముగనే పోయెను. తలనొప్పిగాని వికారముగాని మిగులలేదు.

కాలభ్రమ, ఆత్మగౌరవభ్రాంతి, పరిచితులను గుర్తింపలేకుండుట, వాక్ప్రవాహము అను నీ లక్షణములను నేఁటి మానసికవైద్యుఁ డొక రోగియందుఁ జూచినచో ఉన్మాదమని శంకింపకుండఁజాలఁడు. ఓషాఘ్నెస్సీ చూపు మాత్ర మట్లు పోలేదు. ప్రాచీనగ్రీకులు డెల్ఫీక్షేత్రమున వినిన ప్రవక్త్రుల యావేశము అతనికి స్మృతికి వచ్చెను. అతనికి మందుయొక్క చికిత్సాగుణమే ప్రధానము. కాఁబట్టి కలకత్తాయందు జరిగినది పరీక్షయే యైనను, ఉన్మాదమునుగూర్చిన పరీక్ష యనిపించుకొనలేదు. ఆ ప్రశ్న పారిసునగరమునఁ బుట్టినది.

జాక్ జోసెఫ్ మోరో (1804-1884) ఫ్రాన్సుదేశపు మానసికవైద్యులలోఁ బ్రసిద్ధుఁడైన ఎస్కిరోల్‌నకు శిష్యుఁడు. తూరు పట్టణముపేర మోరో ద తూర్ అని వ్యవహరింపఁబడుచుండెను. అతఁడు ఈజిప్టు మొదలగు తూర్పుదేశములయందు సంచరించి, అచ్చటివారు హషీషును వాడుట గనెను. తిరిగివచ్చి పారిసుసమీపమున బిసేత్ర్ ఆసుపత్రియందు వైద్యుఁడై, ఆ హషీషును దాను భక్షించి యనుభవము వ్రాసికొనుటయే గాక మిత్రులకును శిష్యులకును ఇచ్చి చూచెను. థెయొఫీల్ గోత్యే మొదలగు సాహిత్యపరులు అతనివలన దీనిని రుచిచూచిరి. 1845లో మోరో ప్రకటించిన హషీషును మానసికోన్మాదమును గూర్చిన గ్రంథము ఈ చరిత్రమున మూలస్తంభము.

ఆ గ్రంథమున మోరో యెనిమిది వికారములను వరుసగ నెన్నెను: ఆనందాతిశయము, భావముల యుద్రేకమును విచ్ఛేదమును, దేశకాలములయందు భ్రమ, శ్రవణేంద్రియము తీక్ష్ణమై సంగీతమునకు వశమగుట, స్థిరభ్రాంతులు, రాగద్వేషముల విపర్యయము, అణఁపరాని ప్రేరణలు, కడపట లేనివస్తువులు గనఁబడుటయు వినఁబడుటయు. ఉన్మాదరోగమున నిందు లేనిది యొక్కటియు లేదని యతని మతము. ఉన్మాదమును స్వప్నమును స్వభావమున నొక్కటియే యనియు, హషీషు మేలుకొనియున్నవానిని స్వప్నములోనికిఁ ద్రోయుననియు అతఁడు వాదించెను. కావున రోగి మనస్సును దెలియఁగోరు వైద్యుఁడు తానొకసారి యా స్థితిని జొచ్చి రావలయునని యతని యుపదేశము.

మోరో వాదమునకు బలమిచ్చినదియు, లోప మంటించినదియు ఒక్కటే యంశము. హషీషు సేవించినవాఁ డెంత భ్రమించినను, తన్నుఁ దాను చూచుచుండు నెఱుక యొక మూల నిలిచియుండునని యతఁడు వ్రాసెను. పరీక్షకుని కది యపూర్వమైన సౌకర్యము. ఉన్మాదమును లోపలనుండి చూచి బయటికి వచ్చి చెప్పవచ్చును. అయినను ఆ యెఱుకయే రోగికి లేనిది. ఇది మందువలనఁ గలిగినది, ఇది పోవును, అని తెలిసినవాఁడు నదినిఁ జూడఁబోయి ఒడ్డునఁ ద్రాడు గట్టుకొని దిగినవానివంటివాఁడు. రోగియో, వరదలోఁ గొట్టుకొనిపోవువాఁడు. నీ రొక్కటియే, అవస్థలు వేఱు. మోరో నీటిని సత్యముగఁ జూచెను. త్రాటిని మాత్రము లెక్కింపలేదు.

సాదృశ్యమును గారణముగఁ దలఁచుటవలనఁ గలుగు కీడు మఱల హిందూదేశముననే బయల్పడెను. గంజాయి త్రాగువాఁడు పిచ్చివాఁడగునని జనమును, అధికారులును నమ్ముచుండిరి. ఆ నమ్మకమునకు ఉన్మాదాలయముల లెక్కలే ప్రమాణముగఁ జూపఁబడుచుండెను. 1893లో బ్రిటిషు పార్లమెంటునందుఁ బ్రశ్న రాఁగా, ప్రభుత్వము హిందూదేశపు గంజాయివిచారణసంఘమును నియమించెను. దాని కధ్యక్షుఁడు మాక్‌వర్త్ యంగ్. సంఘము 1193 మంది సాక్ష్యమును గ్రహించి, 1894లోఁ దన నివేదికను ఏడు సంపుటములుగ సమర్పించెను. విచారణ మదరాసు రాజధానియందును జరిగెను. తెలుఁగుజిల్లాలు పెక్కు నాఁ డందుఁ జేరియుండెను. ఆ రాజధానియందలి ఉన్మాదాలయములలో నొకటి విశాఖపట్టణముననే కలదు.

సంఘము చేసిన గొప్పపని యాలయముల చిట్టాలను నమ్మక, ఒక్కొక్క రోగి వృత్తాంతమును మఱల శోధించుట. శోధింపఁగాఁ దేలిన దేమనఁగా: రోగిని బంపునప్పుడు కారణమను నొక గడి నింపవలసియుండెను. పోలీసువాఁడో, న్యాయాధికారియో ఇరుగుపొరుగువారు చెప్పినమాట విని యా గడిలో గంజాయి యని వ్రాసి పంపును. ఆలయాధికారి దానినే చిట్టాకెక్కించును. ఆ చిట్టాలే యేఁటేఁటి లెక్కలై, గంజాయి పిచ్చి పుట్టించుననుటకు నిదర్శనములగును. 1892లో నాలయములఁ జేర్పఁబడిన 1344 మందిలో 222 మంది రోగమునకు గంజాయి కారణమని వ్రాయఁబడియుండెను. సంఘము శోధించిన పిదప నిలిచినవారు 98 మంది; వారిలో మఱియొక కారణము తోడుపడక గంజాయి యొక్కటియే కారణమని యొప్పఁదగినవారు 61 మంది మాత్రమే. మితసేవనమువలన మనస్సునకుఁ గీడు లేదనియు, అతిసేవన మున్మాదమును గలిగింపవచ్చుననియు, అయినను ఆ ప్రమాదము మిక్కిలి హెచ్చుచేసి చెప్పఁబడినదనియు సంఘము నిర్ణయించెను. చిట్టా తప్పగుటచే రోగికిఁ గలుగు నష్ట మల్పముగాదు. గంజాయి యనుమాట వ్రాయఁబడినవాని దుఃఖమును, దారిద్ర్యమును, వంశమునందలి వ్యాధిని మఱి యెవ్వరు నడుగరు.

ఇరువదవ శతాబ్దిలోఁ బరీక్షాస్థానము అమెరికాకు మాఱెను. న్యూయార్కు నగరాధ్యక్షుఁడు లగార్డియా కోరికపై అచ్చటి వైద్యపరిషత్తు నియమించిన సంఘము 1944లో నివేదిక ప్రకటించెను. ఆ పరీక్షలయందుఁ బాల్గొనిన 77 మందిలో 72 మంది చెఱసాలలనుండి వచ్చినవారు. ఫ్రాన్సెస్ ఏమ్స్ అను వైద్యురాలు 1958లో దక్షిణాఫ్రికానుండి ప్రకటించిన వ్యాసమున, గంజాయిమత్తు కృత్రిమోన్మాదమునకు మాదిరి కాఁగలదా యను ప్రశ్నను పేరునందే యుంచెను. 1967లోఁ గెంటకీ రాష్ట్రమందలి లెక్సింగ్టనున హారిస్ ఇస్బెల్ మొదలగువారు గంజాయియందలి శుద్ధసత్త్వమును దొలిసారిగ మనుష్యులకుఁ గొలిచి యిచ్చినవారిలోఁ జేరిరి. మాత్ర పెరిఁగినకొలఁది ఉన్మాదలక్షణములు గానవచ్చునని వారు చూపిరి. కాని యా పరీక్షలకుఁ లోఁబడినవారు శిక్ష ననుభవించుచున్న నల్లమందు వ్యసనపరులు. ఆ సంస్థయందుఁ బరీక్షలకు లోఁబడినవారికి మాదకద్రవ్యమే బహుమానముగ నిచ్చుటయుఁ గలదని 1975లో అమెరికా సెనేటు విచారణయందు వెల్లడియయ్యెను. బంధింపఁబడినవాఁ డిచ్చిన సమ్మతి యెంతవఱకు సమ్మతి? 1947 నాఁటి న్యూరంబర్గు నియమములు మనుష్యపరీక్షకు స్వతంత్రసమ్మతియే ప్రథమాంగమని చాటినను, ఆ ప్రశ్నకు లెక్సింగ్టను తగిన యుత్తరము చెప్పలేదు.

శుద్ధసత్త్వ మనఁగా నేమో వివరింపవలసియున్నది. ఓషాఘ్నెస్సీ యిచ్చిన చుక్కలయందును, మోరో పెట్టిన లేహ్యమునందును ఏ పదార్థ మెంతయున్నదో తెలియదు. 1964లో ఇజ్రాయెలునందు గావొని, మెషూలమ్ అను నిరువురు రసాయనజ్ఞులు గంజాయినుండి టెట్రాహైడ్రోకన్నబినాల్ అను సత్త్వమును శుద్ధరూపమున వేఱుచేసి దాని నిర్మాణమును నిర్ణయించిరి. మత్తునకు ముఖ్యకారణ మదియే. దానిని టీహెచ్‌సీ యని సంగ్రహింతురు. 1988లో మెదడునం దీ సత్త్వము పట్టుకొను గ్రాహకస్థానము లున్నట్లు తెలిసెను. 1992లో మెదడు తనంతఁ దాను పుట్టించుకొను నట్టిపదార్థ మొకటి జెరూసలేమునఁ గనుఁగొనఁబడఁగా, దానికి సంస్కృతపదమగు ఆనందము మొదలుగ ఆనందమైడ్ అని పేరిడిరి.

ఆ గ్రాహకముల పని యెట్టిదో చెఱువుతూముల నెఱిఁగినవారికి సులభముగ బోధపడును. ఒక నాడీకణము రెండవదానికి సందేశము పంపునప్పుడు రసాయనములు ప్రవహించును. ప్రవాహము మితిమీఱినచో, అందుకొనుకణము ఆనందమైడ్ వంటి పదార్థమును వెనుకకుఁ బంపి, పంపుకణముయొక్క తూమును గొంత మూయించును. ఏ తూమునకు మూఁత కావలయునో యా తూమునందే, కావలసినంతసేపే, ఆ పని జరుగును. టీహెచ్‌సీ యట్లుగాదు. అది రక్తముతో మెదడంతయు వ్యాపించి, వేళయు చోటును జూడక తూములన్నిటిమీఁదఁ బడి, పెద్దసేపు విడువదు. కొన్నికాలువ లెండును, కొన్ని పొంగును. జ్ఞాపకము, కాలజ్ఞానము, ముఖ్యాముఖ్యవివేకము అను పంటలు చెడును. అల్పమైన చప్పుడునకు మహార్థము దోఁచుటయు, ఎదుటివాని చూపునందు ద్రోహము గానవచ్చుటయు నిట్లే కలుగునని శాస్త్రజ్ఞు లూహింతురు.

ఈ యూహను నియమబద్ధముగఁ బరీక్షించినది 2004లో యేల్ విశ్వవిద్యాలయమునుండి దీపక్ సిరిల్ డిసూజా, అతని సహచరులు ప్రకటించిన పరిశోధనము. 22 మంది స్వస్థులు తమంతఁ దాముగ ముందుకు వచ్చిరి. ఒక్కొక్కరికి వేఱువేఱు దినములయందు మూఁడుసార్లు సూదిమందు నెత్తురునాళమున నీయఁబడెను: ఒకసారి 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, ఒకసారి 2.5 మిల్లీగ్రాములు, ఒకసారి సత్త్వము లేని ద్రవము. ఏ దినమున నేది యిచ్చిరో యిచ్చువానికిని తెలియదు, పుచ్చుకొనువానికిని తెలియదు. పొగ త్రాగించినచో ఒకఁడు గాఢముగఁ బీల్చును, ఒకఁడు తేలికగఁ బీల్చును. సూదిమందునకు ఆ దోషము లేదు. పూర్వ మున్మాదము గలవారిని, వంశమునం దా రోగము గలవారిని ముందుగనే తొలఁగించిరి. గంజాయి నెన్నఁడు నెఱుఁగనివారికి దానిని గొత్తగ నలవాటుచేయుట యుక్తము గాదు గాన, ఒకప్పు డెఱిఁగియుండి వ్యసనమునఁ బడనివారినే యేఱుకొనిరి.

ఫలితములు మోరో పట్టికను దలఁపించును. మందు చొచ్చినకొలఁదిసేపటికే కొందఱియందు శంకయు, భావముల చెదరుపాటును, కాలము మందగించినట్లు తోఁచుటయు, రూపధ్వనుల వికారమును గానవచ్చెను. విన్నమాటల జ్ఞాపకము తగ్గెను. కొన్నిగంటలలో నన్నియు శమించెను. 2005లో ఆ పరిశోధకులే చికిత్సవలన స్థిమితపడియున్న స్కిజోఫ్రీనియా రోగులు 13 మందియందు ఈ పరీక్ష జరుపఁగా, వారి లక్షణములు తాత్కాలికముగఁ బెరిఁగెను. రోగులు గంజాయిని ఔషధముగ వాడుకొందురేమో యను నొక యభిప్రాయమున కందు బలము దొరకలేదు.

ఇంతవఱకుఁ జూచినవారికి మోరో గెలిచెనని తోఁచును. కాని పోలిక నిజముగఁ గారణమువఱకుఁ బోవునేని, రోగమును శమింపఁజేయు మందు ఈ కృత్రిమోన్మాదమును గూడ శమింపఁజేయవలయును. అచ్చటనే తగవు పుట్టెను. రోగులకు వాడుకలో నున్న హాలోపెరిడాల్ డోపమీన్ అను రసాయనమును గట్టడి చేయునది. దానిని ముందుగ నిచ్చి టీహెచ్‌సీ యిచ్చినను లక్షణములు తగ్గలేదని యేల్ పరిశోధకులు 2008లోఁ బ్రకటించిరి. నెదర్లాండ్సునందలి లైడెను పరిశోధకులు 2010లోఁ దగ్గినవని ప్రకటించిరి. టీహెచ్‌సీ స్వస్థుని మెదడున డోపమీన్‌ను వెలువరించునా యను ప్రశ్నయు నట్లే యయ్యెను. 2009లో నెదర్లాండ్సువారు ఔననిరి, లండనువారు కాదనిరి. 2015లో నుభయులును దమ ఫలితముల నొక్కటిగఁ గూర్చి చూడఁగా, స్వల్పమైన విడుదల మాత్రము గానవచ్చెను. రోగులయందుఁ గానవచ్చు డోపమీన్ వృద్ధితో దీనిని సరిపోల్చుట కష్టము.

గంజాయియందే యున్న కన్నబిడియోల్ అను రెండవసత్త్వము టీహెచ్‌సీకి విరుగుడగునా యనునదియు నొక చిక్కుప్రశ్న. 2013లో లండనునందుఁ బ్రకటింపఁబడిన పరీక్షయందు 48 మంది స్వస్థులు పాల్గొనిరి. ముందుగ 600 మిల్లీగ్రాముల కన్నబిడియోల్ మ్రింగినవారిలో, పిమ్మట టీహెచ్‌సీ సూదివలన నున్మాదలక్షణములు గలిగినవారు తక్కువ. ఒకే చెట్టున విషమును విరుగుడును గలవని పలువురు సంతసించిరి. 2022లో నా నగరముననే 46 మందికి రెండు సత్త్వములను వేఱువేఱు పాళ్లలోఁ గలిపి యావిరిగఁ బీల్పింపఁగా, సామాన్యముగ దొరకు పాళ్లయందు కన్నబిడియోల్ ఏమియు రక్ష గాలేదు. మాత్రయు మార్గమును మాఱినచో ఫలమును మాఱునని యిందువలన నేర్వవలసియున్నది.

ఈ పరీక్షల కన్నిటికిని స్వభావసిద్ధమైన హద్దులు గలవు. లక్షణములఁ గొలుచు మానదండము రోగులకొఱకు నిర్మింపఁబడినది. దానితో స్వస్థునిఁ గొలిచినప్పుడు మత్తువలని మౌనమును రోగమువలని మౌనమును ఒక్క యంకెగ లెక్కకు వచ్చుట గలదు. రోగిని బాధించు స్పష్టమైన పరోక్షస్వరములు టీహెచ్‌సీ పరీక్షలయందు అరుదు. రోగము నెలలు, ఏండ్లు నడచి మనుష్యుని బ్రతుకును గుటుంబమును మార్చును. పరీక్ష యొక పూఁటతో ముగియును. అన్నిటికంటెఁ బెద్దహద్దు మఱియొకటి గలదు. ధర్మమును బట్టి రోగ మెవ్వరికి రాఁగలదని శంకయున్నదో వారిని బరీక్షకులు తొలఁగింతురు. మిగిలినవారు రోగము వచ్చుట కతితక్కువ యవకాశము గలవారు. అనఁగా ఉన్మాదమును, అది పుట్టుటకు మిక్కిలి యనర్హమైన క్షేత్రమున వెదకుచున్నారు. ఈ లోపమును దీర్చు నుపాయము గలదు గాని, అది చేయఁదగనిది. దుర్బలుఁడగు బాలునికి మందిచ్చి చూచినచో విద్య పెరుఁగవచ్చును. ఆ బాలుఁడు తిరిగి రాకపోవచ్చును.

కాఁబట్టి దీర్ఘకాలఫలమును దెలిసికొనుటకు వేఱుమార్గము త్రొక్కవలసివచ్చెను. స్వీడనుదేశమున 1969, 1970 సంవత్సరములయందు సైన్యశిక్షణకుఁ జేరిన 45,570 మంది యువకులు తమ యలవాట్లను జెప్పియుండిరి. పదునైదేండ్ల పిదప వారి యాసుపత్రిలెక్కలు చూచి ఆండ్రేయాసన్ మొదలగువారు 1987లోఁ బ్రకటించిన దేమనఁగా: అప్పటికే యేఁబదిసార్లకు మించి గంజాయి వాడినవారియందు స్కిజోఫ్రీనియా, ఎన్నఁడును వాడనివారియందుకంటె ఆఱురెట్లు. అయినను అట్లు వాడినవారిలో నధికసంఖ్యాకులకు రోగము రాలేదు. వాడుకతోఁబాటు దారిద్ర్యము, ఇతరమాదకములు, ముందునుండియే యున్న మనోవ్యాకులత మొదలగునవి యెంత భారము వహించెనో యను చర్చ యందుండియే వచ్చెను. పరీక్ష క్షణికమును నిశ్చయముగఁ జూపును, దీర్ఘమును జూపలేదు. జనగణన దీర్ఘమును జూపును, కారణమును నిశ్చయింపలేదు. రెండును గలిసియే ప్రమాణమగును గాని, ఒక్కటి చాలదు.

1839 మొదలు నేఁటివఱకు మందుతోఁబాటు మందు పుచ్చుకొనినవాని స్థితియు మాఱినది. మొదట కుతూహలముగల విద్యార్థి; పిమ్మట తన్నుఁ దాను బరీక్షించుకొనిన వైద్యుఁడు; పిమ్మట చెఱసాలయందలి ఖైదీ; తుదకు, కీడు మేలు విని, వలదన్నప్పుడు లేచిపోవు స్వాతంత్ర్యముగల పౌరుఁడు. ఈ మార్పు కేవలము ధర్మసంబంధమైనదిగాఁ దలఁపఁగూడదు. విద్యయు దీనివలన శుద్ధిపొందినది. బహుమానమునకై పడియుండువాఁడు పరీక్షకునికిఁ దగినమాట చెప్పును. భయములేనివాఁడే తనకుఁ గలిగిన భయమును సత్యముగ వర్ణింపఁగలఁడు.

ఇంక సుశ్రుతుని గణనమునకు మఱలవలయును. అతఁడు విషజమును ఉన్మాదములలోనే లెక్కించెను. అయినను దానిని వాతజముతోఁగాని, మనోదుఃఖజముతోఁగాని కలిపివేయక వేఱుగ నిలిపెను. పందొమ్మిదవ శతాబ్దినుండి జరిగిన పరీక్షలు చేరిన స్థానమును దీనికి మిక్కిలి దూరము గాదు. గంజాయిసత్త్వము స్వస్థుని బుద్ధియందుఁ గలిగించునది ఉన్మాదజాతిలోనిదే. కాని రోగియందున్నది యదియే యని చెప్పుటకు వీలులేదు. ఉన్మాదభవనమునకు ద్వారములు పెక్కు. వానిలో నొకదానిని దెఱచి లోపలికిఁ జూచి మఱల మూయవచ్చునని కలకత్తా విద్యార్థి మొదలు లండను స్వచ్ఛందుల వఱకు నందఱును జూపిరి. ఆ ద్వారమున వెలుఁగు లోపల నెంతదూరము పడుచున్నదో యంతవఱకే చెప్పుట శాస్త్రము. అంతకుమించి చెప్పినచో, 1892 నాఁటి చిట్టాయందు గడిని నింపిన పోలీసువానికిని, విద్వాంసునికిని భేద ముండదు; నష్టము మాత్ర మా నాఁటివలెనే రోగిది.